స్పాంజి కత్తిలో ఏ కర్ర పెట్టాలి?

కొట్టుమీద కబుర్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

రావులపాలెంలో 28 ఏళ్ళు పైపుల కొట్టు నడిపాను. ఈ శీర్షికకు మామూలుగా వచ్చే ఉత్తరాలన్నీ కారే కొళాయిలు, గాలి లాగే ఫుట్‌వాల్వులు, పాచి పట్టిన ట్యాంకుల గురించే. పోయిన సంచికలో మాటవరసకు, మా మనవడూ వాడి స్నేహితులూ పైపుకు స్పాంజి చుట్టి కత్తియుద్ధాలు చేస్తున్నారని ఒక్క వాక్యం రాశాను. సెప్టిక్ ట్యాంకు గురించి రాసినప్పుడు కూడా ఇన్ని ఉత్తరాలు రాలేదు!

తెలియని వారికోసం రెండు ముక్కలు. లోపల ఒక కర్రో పైపో ఉంటుంది. దాని చుట్టూ మందంగా ఫోమ్, పైన గుడ్డ తొడుగు. ఆదివారం సాయంత్రం కాలువ గట్టున చేరి కొట్టుకుంటారు. చేతికి తగిలితే ఆ చెయ్యి పోయినట్టే, వెనక్కి కట్టుకుని ఆడాలి. కాలికి తగిలితే మోకాళ్ళ మీద కూర్చోవాలి. ఒంటికి తగిలితే అవుట్. తల జోలికి, మెడ జోలికి పోకూడదు. నేను మొదట నవ్వాను. ఆ తరువాత ఏం జరిగిందో కింద చెబుతాను.

ప్రశ్న: అమ్మగారికి నమస్కారం. మేము నలుగురం కలిసి ఫోమ్ కత్తులు చేసుకుంటున్నాం. ఒకడు పీవీసీ పైపు చాలంటాడు, ఒకడు ఫైబర్‌గ్లాస్ అంటాడు, ఒకడు వెదురు అంటాడు. నేను కార్బన్ ఫైబర్ గురించి చదివాను. వీటిలో అన్నిటికంటే గట్టిది ఏది?
— ఇంజనీరింగ్ విద్యార్థి, భీమవరం

జవాబు: బాబూ, గట్టిదే కావాలంటే ఇనుప కడ్డీ ఉంది. అది వద్దని మీకూ తెలుసు. కాబట్టి మీరు అడగవలసిన ప్రశ్న ఇది కాదు. ఆడగా ఆడగా ఏ కర్రయినా ఒకనాడు విరుగుతుంది. ఆ రోజున ఎలా విరుగుతుంది? అవతలివాడి ఒంటిమీద విరిగితే ఏమవుతుంది? ముందు అది చూసి, తరువాత బరువు, ఆ తరువాత ధర చూడండి.

ఇది నేను పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. మా మనవడు మొదటిసారి, "అమ్మమ్మా, ఏదైనా పైపు ముక్క ఇవ్వు" అన్నప్పుడు, మేడమీద మూడేళ్ళుగా పడి ఉన్న కరెంటు పైపు ముక్కలు ఇచ్చేశాను. గోడలో వైరింగుకు వేసే పల్చటి రకం, పారేసే సరుకే కదా అనుకున్నాను. ముక్కనుమ నాడు ఆటలో అది ఫట్టుమని విరిగింది. విరిగిన కొస కలం పాళీలా ఏటవాలుగా, కోసుగా ఉంది. ఫోమును చీల్చుకుని బయటికి వచ్చి పక్కింటి పిల్లవాడి ముంజేతిని కోసింది. రెండు కుట్లు పడ్డాయి. వాళ్ళమ్మ నన్ను పల్లెత్తు మాట అనలేదు. అంటే బాగుండేది. పైపులు అమ్మి బతికినదాన్ని, ఏ పైపు దేనికో ఊరందరికీ చెప్పినదాన్ని, ఇంట్లో పిల్లవాడికి చచ్చు సరుకు ఇచ్చాను.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. మర్నాడు కొట్టు బల్ల అంచుకు ఒక్కొక్క ముక్కనూ బిగించి, మీటరు పొడవు బయటికి ఉంచి, కొసన లీటరు నీళ్ళ సీసా వేలాడదీశాను. ఎంత దిగిందో స్కేలు పెట్టి చూశాను. మీరూ చేయవచ్చు, పైసా ఖర్చు లేదు.

20 మిల్లీమీటర్ల పల్చటి కరెంటు పైపు అడుగుకు పైగా దిగిపోయింది. ప్లంబింగుకు వాడే తెల్ల యూపీవీసీ పైపు, షెడ్యూల్ 40 (పైపు గోడ మందాన్ని చెప్పే గుర్తు), అరంగుళం రకం ఆరంగుళాలు దిగింది. పేరుకు అరంగుళమే గానీ దాని బయటి కొలత 21.3 మిల్లీమీటర్లు ఉంటుందని గుర్తుంచుకోండి, ఫోమ్ తొడుగు కొనేటప్పుడు పనికి వస్తుంది. 10 మిల్లీమీటర్ల, లోపల బోలు లేని ఫైబర్‌గ్లాస్ కడ్డీ (ఇకపై గాజు కడ్డీ అంటాను) ఏడంగుళాలకు కాస్త తక్కువ దిగింది. 12 మిల్లీమీటర్లది బెత్తెడు దిగి ఊరుకుంది.

ఇక్కడే ఆగి ఆలోచించండి. చిటికెనవేలంత గాజు కడ్డీ, బొటనవేలంత పైపు ఇంచుమించు ఒకేలా వంగాయి. బరువు చూస్తే ఆ పైపు మీటరుకు 230 గ్రాముల దాకా తూగుతుంది, ఆ కడ్డీ 155 గ్రాములు. పైగా కడ్డీ సన్నం కాబట్టి దాని చుట్టూ అంతే లావులో ఎక్కువ ఫోమ్ పడుతుంది. తగిలే దెబ్బకు అడ్డుపడేది ఆ ఫోమే కదా.

ఇంకో సంగతి. సీసాలను రాత్రంతా అలాగే వదిలేశాను. పొద్దున తీసేస్తే గాజు కడ్డీ నిటారుగా లేచింది. పైపులో కాస్త వంపు మిగిలిపోయింది. పీవీసీ స్వభావం అది, బరువు కింద మెల్లగా సాగుతుంది, ఎండాకాలం ఇంకా సాగుతుంది. కత్తిని గోడకు ఏటవాలుగా చేరవేసి వదిలేస్తే వారానికి కొడవలి అవుతుంది. పడుకోబెట్టండి, లేదా కొసన తాడు కట్టి వేలాడదీయండి.

మరి అన్నీ గాజు కడ్డీతోనే చేసుకోవచ్చు కదా అంటారు. దాని విరుపు కూడా చెప్పాలి. గాజు దారాలను రెజిన్ అనే జిగురులో ముంచి, వేడి అచ్చులోంచి లాగి ఈ కడ్డీ చేస్తారు. చేంతాడులా పేనరు, పోగులన్నీ ఒకే దిక్కున పడుకుని ఉంటాయి. అందుకే వంగడానికి అంత బలం. అందుకే విరిగేటప్పుడు అడ్డంగా తెగదు, నిలువునా చీలి చీపురుకట్టలా విచ్చుకుంటుంది. ఒక్కసారిగా ఊడి ఎవరి మీదా పడదు, అది మంచిది. కానీ ఆ చీపురులోని ప్రతి పుల్లా కంటికి కనిపించని గాజు ముల్లు. కోసేటప్పుడు కూడా అంతే. కోయవలసిన చోట ముందు టేపు చుట్టి, సన్నపళ్ళ హ్యాక్సా బ్లేడుతో, ముక్కుకు మాస్కు పెట్టుకుని, కొసను తడిపి నీటి గరుకు కాగితంతో నున్నగా రుద్దండి. పొడిగా రుద్దితే ఆ దుమ్ము చొక్కా నిండా పడి రెండు రోజులు దురద. తరువాత కడ్డీ పొడవునా, పెట్టెలకు వేసే, పొడవునా పోగులున్న ప్యాకింగ్ టేపు ఒక వరుస చుడితే, చీలినా పుల్లలు బయటికి రావు.

కొత్త పీవీసీ పైపు విరుపు గాజుకు పూర్తిగా భిన్నం. అది ముందు చెబుతుంది. వంగిన చోట తెల్లటి మచ్చ వస్తుంది, బూడిదరంగు పైపులో బాగా కనిపిస్తుంది. ఆ మచ్చ చూసిన రోజే కర్ర మార్చాలి. అయితే ఎండలో ముదిరిన పైపు ఏమీ చెప్పదు, గాజు గ్లాసులా పగులుతుంది. మా మేడమీద ముక్క చేసింది అదే.

కార్బన్ ఫైబర్ తేలికే, బిగువే. మీ మిత్రబృందానికి నేను మాత్రం చెప్పను. బాగా బిగువైన కర్ర దెబ్బను తాను మింగదు, అంతా అవతలివాడికి చేరవేస్తుంది. హద్దు దాటితే ముందు చెప్పకుండా పుటుక్కున తెగి సూదుల్లాంటి కొసలు మిగులుస్తుంది. దాంట్లోంచి కరెంటు కూడా పారుతుంది. మన చెరువుగట్ల మీద, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లకు లాగిన తీగలు ఎంత ఎత్తులో ఉంటాయో భీమవరం వారికి నేను చెప్పాలా?

నా మాట అడిగితే మొదటి జత కత్తులు షెడ్యూల్ 40 పైపుతో చేసుకోండి. ఆరు నెలలు ఆడాక, మోజు నిలిస్తే, 10 మిల్లీమీటర్ల గాజు కడ్డీకి మారండి. 12 అవసరమయ్యేది పొడవాటి కత్తికే. పొడవు రెట్టింపైతే వంగడం రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లు. మీటరుకు సరిపోయిన కర్ర ఒకటిన్నర మీటరు బల్లేనికి సరిపోకపోవడం అందుకే.

ప్రశ్న: గాజు కడ్డీలు మా ఊళ్ళో ఏ కొట్టులో అడిగినా లేవంటున్నారు. చేపల గాలం కర్ర వాడవచ్చా?
— పేరు రాయలేదు, నరసాపురం

జవాబు: గాలం కర్రల్లో ఎక్కువ భాగం బోలు. పైగా కొసకు పోయేకొద్దీ సన్నం. చేపను లాగడానికి చేసినది పక్క దెబ్బకు నొక్కుకుపోయి చీలుతుంది. వాడకండి. టెంటు కర్రలు చూడండి, బోలు లేనివైతే పనికొస్తాయి, అయితే సన్నగా ఉంటాయి. రోడ్డు పక్క కేబుళ్ళు వేసేవారి దగ్గర, భూమిలోని గొట్టంలోకి తోసే పొడవాటి గాజు కడ్డీ చక్రానికి చుట్టి ఉంటుంది. విరిగిన ముక్కలు వాళ్ళకు పనికిరావు. మా మనవడికి రెండో కత్తి అలా వచ్చింది, రెండు కొబ్బరిబోండాలు ఇచ్చి తెచ్చాడు. చుట్టలో ఉండి ఉండి కాస్త వంపు తిరిగి ఉంటుంది, ఆ వంపును అంచు వైపు పెట్టుకుంటే కత్తికి అందమే. పైన చుట్టిన రంగు తొడుగు పగిలి ఉంటే మాత్రం ముట్టుకోకండి.

ప్రశ్న: మా తాతగారు కర్రసాము గురువు. ఆయన వెదురు కర్రలు ఇంట్లో డజను ఉన్నాయి. ఒంటికి తగిలినా ఏమీ కాలేదని ఆయన అనేవారు. వాటికి ఫోమ్ చుడితే తప్పేమిటి?
— ముమ్మిడివరం

జవాబు: తాతగారి కర్రలకు దండం పెట్టి గోడకు తగిలించండి. అవి ఇక దొరకవు. మన్యం నుంచి గోదావరి మీద తెప్పలు కట్టి వెదురు దించిన రోజుల సరుకేమో కూడా.

వెదురును నేను తక్కువ చేయను. లాఠీకి వాడే లోపల దాదాపు బోలు లేని రకం, సరైన అదనులో నరికి, నీళ్ళలో నానవేసి, నీడన ఆరబెట్టినదైతే దానికి సాటి లేదు. నీళ్ళలో నానితే గంజి పదార్థం దిగిపోయి పురుగు పట్టదు. ఆ పని చేయని వెదురు మన తేమకు రెండు వానాకాలాల్లో పుచ్చిపోతుంది, కర్రను నేలకు తాటిస్తే పిండి రాలుతుంది. కర్రసాములో ఆ కర్ర కళ్ళ ముందు ఉంటుంది. సన్న చీలిక వచ్చినా తాతగారు బొటనవేలితో తడిమి పట్టేవారు. మీరు దానికి ఫోమ్ తొడిగి గుడ్డ కుట్టేస్తే ఆ చీలిక ఎవరికి కనబడుతుంది? వెదురు నిలువునా చీలుతుంది. చీలిన అంచు ఎంత పదునో బుట్టలల్లేవారి వేళ్ళు చూస్తే తెలుస్తుంది. పురుడు పోసే మంత్రసాని ఒకప్పుడు బొడ్డు కోసింది కూడా వెదురు బద్దతోనే.

మీ తీరంలో కావలసినంత దొరికే సరుగుడు కర్ర గురించి కూడా అడుగుతారు, ముందే చెబుతున్నాను. బరువు. ఎండినాక కూడా బరువే. ఫోమ్ ఎంత చుట్టినా దుడ్డుకర్ర దుడ్డుకర్రే.

కర్రల జాతిలో ఒకటి ఒప్పుకుంటాను: పేము. కుర్చీలు అల్లే పేము కాదు, కుర్చీ కాళ్ళకు వేసే లావు పేము. చూడటానికి వెదురులా కణుపులు ఉంటాయి గానీ లోపల బోలు ఉండదు, నిండా సన్నటి నాళాలు. దెబ్బలు తిని తిని అది చీలదు, నలిగి పీచు పీచు అవుతుంది. అమెరికాలో బర్క్‌లీ ఊళ్ళో 1966లో మొదలైన ఒక సంఘం వారు మధ్యయుగాల పోరు ఆడతారు. ఒంటినిండా కవచం వేసుకుని, ఫోమ్ లేకుండానే ఈ పేము కత్తులతో నిజంగానే బాదుకుంటారు. పేమును ఎంచుకున్నది అది విరిగే తీరు చూసే. అయితే వాళ్ళకు కవచాలున్నాయి, మీకు బనియన్లున్నాయి. బరువు చూసుకుని, పిల్లల చేతికి ఇవ్వకుండా వాడండి.

ప్రశ్న: పిన్నిగారూ, మా అబ్బాయి కత్తికి మంచి పైపే వాడాం. అయినా దెబ్బ తగిలితే లోపలి పైపు తగులుతోందని పిల్లలు ఏడుస్తున్నారు. టీవీ పెట్టెలో వచ్చిన తెల్ల స్పాంజి రెండు వరుసలు చుట్టాం. ఇంకా చుట్టాలా?
— ఒక తల్లి, తణుకు

జవాబు: అమ్మా, ఆ తెల్ల స్పాంజి ఒక్క ప్రయాణానికి చేసినది. టీవీ ఇంటికి చేరగానే దాని పని అయిపోయింది. ఒక పక్క వందసార్లు తగిలితే అక్కడ అప్పడమై మళ్ళీ లేవదు. నాలుగు వరుసలు చుట్టినా నాలుగూ అప్పడాలే.

ఏసీ బిగించేవారి దగ్గరకు వెళ్ళి రాగి గొట్టానికి తొడిగే నల్ల రబ్బరు తొడుగు అడగండి. లోపలి కొలత 22 మిల్లీమీటర్లది తీసుకుంటే మీ అరంగుళం షెడ్యూల్ 40 పైపు చక్కగా ఇమిడిపోతుంది. మందం 9, 13, 19 మిల్లీమీటర్లు అని దొరుకుతాయి. 19 కంటే తక్కువ వద్దు. చౌక అని 9 తెచ్చి రెండు పొరలు వేసేవారు ఉన్నారు, పొరలను సరిగా అతికించకపోతే ఒకదాని మీద ఒకటి జారుతూ ఉంటాయి. దెబ్బ పడే అంచు వైపు మాత్రం హవాయి చెప్పు అడుగులాంటి ఈవీఏ షీటు పట్టీ ఒకటి అతికిస్తే తొడుగు ఎక్కువ కాలం మన్నుతుంది.

అతికించడానికి చెప్పులు కుట్టేవారు వాడే పసుపు గమ్. రెండు వైపులా పల్చగా రాసి, వేలికి అంటనంతవరకు ఆగి, అప్పుడు నొక్కాలి. తడిగా ఉండగానే అతికించేస్తే ఎప్పటికీ పట్టదు. ముసురు పట్టిన రోజున ఈ పని పెట్టుకోకండి, గమ్ మీద చెమ్మ దిగి తెల్లపొర కడుతుంది. తలుపులు తెరిచి చేయండి, ఆ వాసన పిల్లలకు మంచిది కాదు. థర్మోకోల్ మీద ఈ గమ్ రాస్తే కరిగి గుంట పడుతుంది, అందుకని దాన్ని కత్తిలో ఎక్కడా పెట్టకండి.

ఇక ముఖ్యమైనది, పైపు రెండు కొసలు. రంపంతో కోసిన పైపు కొస గుండ్రటి బ్లేడు. లోపలా బయటా గరుకు కాగితంతో రుద్ది, ఎండ్‌క్యాపు అతికించి, దాని మీద కనీసం రెండంగుళాల ఫోమ్ పెట్టండి. ఎండ్‌క్యాపు చవక సరుకే. దాన్ని ఆదా చేసి నాకు ఉత్తరం రాయకండి. అంతా అయ్యాక మీ తొడ మీద మీరే గట్టిగా ఒక దెబ్బ వేసుకోండి. మీకు నొప్పి పుడితే అబ్బాయి చేతికి ఇవ్వవద్దు. నెలకోసారి మళ్ళీ వేసుకోండి, ఫోమ్ చచ్చిపోయిందో లేదో మీ తొడ చెబుతుంది. మా ఇంట్లో ఈ పరీక్ష ఇప్పుడు నాదే. మోకాలి నొప్పి ఉన్నదాన్ని, ఎడమ తొడ మీద వేసుకుంటాను.

ప్రశ్న: పొలంలో బోరుకు వేయగా మిగిలిన పైపులు రెండేళ్ళుగా గట్టున ఉన్నాయి. పనికొస్తాయా?
— అంతర్వేది దగ్గరి రైతు

జవాబు: నీళ్ళకు వస్తాయి, కత్తికి రావు. పైపు మీద వేలు రాస్తే సుద్దలా తెల్లపొడి అంటుతుందేమో చూడండి, అంటితే ఎండ దాని పని పట్టిందన్న మాట. అంటకపోయినా ఒక ముక్క కోసి ఇటుక మీద పెట్టి సుత్తితో ఒకటి వేయండి. కొత్తది నొక్కుకుపోతుంది, ముదిరినది పెంకులవుతుంది. ఇది కంటికి అద్దాలు పెట్టుకుని చేయవలసిన పరీక్ష.

ప్రశ్న: కత్తి పట్టుకున్నట్టు బరువు ఉండాలని లోపల ఇనుప కడ్డీ పెట్టాను. ఫోమ్ చాలా మందంగా వేశాను.
— రాజోలు

జవాబు: తీసేయండి. ఈ రోజే.

ప్రశ్న: మా పాఠశాల పిల్లలు బొబ్బిలి యుద్ధం నాటకం వేస్తున్నారు. పన్నెండు కత్తులు కావాలి. అట్టకత్తులు రెండో రిహార్సలుకే వంగిపోతున్నాయి. అన్నిటికీ మీరు చెప్పిన పైపు పెట్టాలంటే ఖర్చు.
— ఉపాధ్యాయురాలు, పాలకొల్లు

జవాబు: మాస్టారమ్మా, 1757 జనవరిలో ఆ కోట దగ్గర జరిగిన దానికి అట్టకత్తి మరీ చిన్నబుచ్చినట్టే. కానీ మీకు పోరు కత్తి అక్కరలేదు, చూపు కత్తి కావాలి. రెండు కత్తులు తాకినట్టు కనిపించాలి, ఒంటికి తాకకూడదు. కాబట్టి పదింటికి కొత్త కరెంటు పైపే చాలు. 20 మిల్లీమీటర్లది, మందం ఎక్కువ ఉన్న రకం అడగండి, ఐఎస్ఐ గుర్తు చూడండి. రెండడుగులకు మించి పొడవు పెట్టవద్దు. మీటరు మీద అడుగు వంగిన పల్చటి పైపే రెండడుగుల మీద మూడంగుళాలైనా వంగదు. ఈవీఏ షీటు రెండు పలకలు కోసి మధ్యలో పైపు ఇరికించి అతికిస్తే కత్తి ఆకారం వస్తుంది. అందరికంటే గట్టిగా కొట్టుకునే తాండ్ర పాపారాయుడికీ, వాడి ఎదుటివాడికీ మాత్రం షెడ్యూల్ 40 వేయండి. వెండి రంగు స్ప్రే నేరుగా ఫోమ్ మీద కొట్టకండి, ముందు ఫెవికాల్ నీళ్ళలో కలిపి రెండు పూతలు వేసి ఆరనివ్వండి, లేకపోతే వంచిన చోటల్లా రంగు పొలుసులు లేస్తుంది.

ప్రశ్న: విరిగిన కత్తులు ఏం చేయాలి? ఇంట్లో కుప్ప పడుతున్నాయి.
— భీమవరం విద్యార్థి స్నేహితుడు

జవాబు: విరగడం అప్పుడే మొదలైందా! ఫోమ్ బాగుంటే చీల్చి తీసి కొత్త కర్రకు వేసుకోండి. మచ్చ పడిన పైపులో మచ్చకు అటూ ఇటూ అరమీటరు బాగుంటే చిన్నకత్తి అవుతుంది. అదీ కాకపోతే బీరపాదుకు, ఆనపపాదుకు ఊతకర్రగా పెట్టండి, మా పెరట్లో నాలుగు ఉన్నాయి. గాజు కడ్డీ మాత్రం పాదుకు పెట్టవద్దు. ఎండకు పైన రెజిన్ రాలి పోగులు తేలుతాయి, కాయ కోయబోయిన చేతికి దురద పట్టుకుంటుంది. నాకు పట్టుకుంది. దాన్ని పాత గుడ్డలో చుట్టి టేపు వేసి చెత్తబండి వారికి చెప్పి ఇవ్వండి.